పుల్లరి దొర ఇంటిపేరు

మించాలపాడు. 1922 ఫిబ్రవరి. శివరాత్రి రోజులు.

చలి శివశివా అంటూ మూట సర్దుకుంటోంది. మధ్యాహ్నానికే నాపరాళ్లు కాలుతున్నాయి. గొడ్లచావిళ్లలో ఎండు చొప్ప వాసన. దూరాన నల్లమల గుట్టలు బూడిదరంగుకు తిరిగాయి. ఊరి మొగదల దుమ్ము లేచింది. పోలీసులు!

వాళ్ల కళ్లు గొడ్ల మీదున్నాయి. తాతల కాలం నుంచి ఏ కాగితమూ లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా, తెల్లారగట్ల కట్టు విప్పి అడవిలోకి తోలి, పొద్దుగూకాక మెడగంటల చప్పుడును బట్టి ఇంటికి మళ్లించుకున్న గొడ్లకు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత లెక్క పుట్టింది, లెక్కకు రుసుము పుట్టింది, రుసుము కట్టని గొడ్డును బందెలదొడ్డికి తోలుకుపోయే అధికారం పుట్టింది. ఆ రుసుమే పుల్లరి.

పల్నాడు కట్టనంది. 1921లో మాచర్ల చుట్టుపట్ల ఊళ్లు అధికారుల్ని వెలేశాయి. వాళ్లకు గడ్డం గీసేవాడు లేడు, బట్ట ఉతికేవాడు లేడు. సంగతేమిటో చూసి రమ్మని కాంగ్రెస్ ఇద్దరిని పంపింది. ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు. చూడ్డానికి వచ్చినవాళ్లు జైలుకు వెళ్లారు. ఉన్నవ ‘మాలపల్లి’ రాసింది ఆ జైల్లోనే.

ఇప్పుడు మించాలపాడు వంతు వచ్చింది. ఎదురు నిలిచింది కన్నెగంటి హనుమంతు. అరుపులు. గొడ్ల బెదురు. తుపాకులు పేలాయి. హనుమంతు ఒంట్లో ఇరవై ఆరు తూటాలు దిగాయని పల్నాట ఇప్పటికీ చెప్పుకుంటారు. దాహమంటే గుక్కెడు నీళ్లు పోయనివ్వలేదనీ చెప్పుకుంటారు.

గుంటూరులో కలెక్టరు కుర్చీలో అప్పుడున్నది టి.జి. రూథర్‌ఫర్డ్. రెండేళ్లకు ఆయనే మన్యానికి ప్రత్యేక కమిషనరుగా వెళ్లాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరి సీతారామరాజును కాల్చేశారు. యాభై ఏళ్ల తర్వాత కృష్ణ సినిమాలో ఆ దొర వేషం కట్టిన జగ్గయ్య కంచుగొంతుతో రూథర్‌ఫర్డ్ పేరు పల్లెపల్లెకూ చేరింది.

దొరను పల్నాడు మర్చిపోలేదు. కానీ ఆ దొర ఇంటిపేరు ఎనిమిది వందల ఏళ్లుగా గొడ్ల వెంటే నడిచొచ్చిందని పల్నాడుకు తెలీదు.

*

ఇదే పేరు పల్నాడు పిల్లలకు ఇంకోచోట కూడా ఎదురవుతుంది. తొమ్మిదో తరగతి. సైన్సు పుస్తకం. పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు దూసుకెళ్తాయి. చాలావరకు అవతలికి పోతాయి. ఏ కొన్నో గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరుగుతాయి. పరమాణువు నడుమ గట్టి కేంద్రకం ఉందని 1911లో తేల్చిన శాస్త్రవేత్త పేరు ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్.

సాంఘిక శాస్త్రం పీరియడ్‌లో తుపాకుల రూథర్‌ఫర్డ్. తర్వాతి పీరియడ్‌లో పరమాణువు రూథర్‌ఫర్డ్. వెనక బెంచీ నుంచి ఎవడైనా లేచి, సార్, వీళ్లిద్దరూ అన్నదమ్ములా అని అడిగితే? క్లాసు గొల్లుమంటుంది. కూర్చోరా అంటారు పంతులుగారు.

కూర్చోబెట్టదగ్గ ప్రశ్న కాదది. ఇంగ్లండులో ఒక ప్రొఫెసరుకు దాదాపు ఇదే ప్రశ్న ఎదురైంది. దాంతో ఒక శాస్త్రమే కదిలింది. అక్కడికి వెళ్లేముందు ఒక రేవు దాటాలి.

*

స్కాట్లండు దక్షిణపు అంచు. ట్వీడ్ నది. మాక్స్‌టన్ అనే ఊరికి దగ్గర్లో నీళ్లు పల్చబడే చోటు. మోకాలి లోతు. పశువులు దాటగల లోతు.

పాత ఇంగ్లీషులో పశువుకు ‘హ్రూథర్’ అనే మాట ఉండేది. ఫోర్డ్ అంటే కాలినడకన ఏరు దాటే రేవు. రెండూ కలిస్తే గొడ్లరేవు. స్థలనామాల పండితులు చెప్పే వివరణ ఇది. రూథర్ అనే రాజును ఎవరో ఏరు దాటించారనీ, అందుకే ఆ పేరనీ అక్కడివాళ్లకో కాకమ్మ కథ కూడా ఉంది. రేవు పేరు ఊరికొచ్చింది. 12వ శతాబ్దపు దానపత్రాల్లో ఆ ఊరి ప్రభువు సాక్షిగా నిలబడి, ఫలానా రూథర్‌ఫర్డ్‌వాడినని రాయించుకున్నాడు. ఇక్కడ కారెంపూడి బయట నాగులేటి ఒడ్డున బ్రహ్మనాయుడి సేన, నలగాముడి సేన తలపడిందీ ఆ శతాబ్దంలోనే.

ఊరి పేరు ఇంటిపేరుగా మారడంలో ఒక తిరకాసుంది. మాచర్లలో ఉన్నన్నాళ్లూ ఎవడినీ మాచర్లవాడని పిలవరు. అక్కడ అందరూ మాచర్లవాళ్లే. మూట కట్టుకుని కృష్ణ దాటి, పరాయి ఊళ్లో కాలు పెట్టినప్పుడే వాడు మాచర్లవాడు. కొడుకులకు, మనవలకు అదే ఇంటిపేరు. గురజాలవారు, దాచేపల్లివారు, రెంటాలవారు అలా పుట్టినవాళ్లే. నరసరావుపేటది ఎదురు లెక్క. అట్లూరు అనే ఊరికి జమీందారు మల్రాజు నరసారావు పేరొచ్చింది. ఇంగ్లండులోనూ, స్కాట్లండు అంచులోనూ ఇంటిపేర్లలో పెద్ద వాటా ఊళ్లనుంచి వచ్చిందే. మిగతావి వృత్తినుంచి, తండ్రి పేరునుంచి, ఎగతాళి పేరునుంచి. కమ్మరి స్మిత్ అయ్యాడు. గోధుమవన్నె వాడు బ్రౌన్ అయ్యాడు.

గొడ్లరేవు వాళ్లు మాత్రం గొడ్లను వదల్లేదు.

1575 జులై 7. చెవియట్ కొండల మీద రెడ్స్‌వైర్ కనుమ. ఇటు ఇంగ్లండు, అటు స్కాట్లండు. సంధి రోజు. దొంగతనాల తగాదాలు తేల్చుకోడానికి రెండు దేశాల సరిహద్దు అధికారులు కూర్చున్నారు. ఇటు సర్ జాన్ ఫార్‌స్టర్. అటు సర్ జాన్ కార్మైకేల్. చుట్టూ తిరనాళ్ల సందడి. మూటల వర్తకులు గుడారాలు వేశారు.

తగాదాలన్నీ ఒక్కటే. పశువులు. ఆ కొండల్లో చలికాలం వచ్చిందంటే రాత్రుళ్లు గుర్రాలెక్కి పొరుగుదేశపు మందల్ని తోలుకురావడమే బతుకు. గొడ్లు పోగొట్టుకున్నవాడికి చట్టమే ఒక హక్కు ఇచ్చింది. ఆరు రోజుల్లోపు బల్లెం మొనకు మండే పీటుగడ్డ గుచ్చుకుని, వేటకుక్కల్ని వదిలి, కొమ్ము ఊదుతూ సరిహద్దు దాటి తరమొచ్చు. ఆర్మ్‌స్ట్రాంగులు, ఇలియట్లు, కెర్లు, రూథర్‌ఫర్డులు. ఆ కొండ వంశాల్లో దొంగెవరో, కాపలాదారు ఎవరో చెప్పడం కష్టం. ఒక్క ఇంట్లోనే ఇద్దరూ ఉండేవాళ్లు.

మాట పెరిగింది. ఒక ఇంగ్లీషు దొంగను అప్పగించాలని అటు, వాడు దొరకలేదని ఇటు. ఎవరో విల్లు ఎక్కుపెట్టారు. బాణాలు. స్కాట్లు వెనక్కి తగ్గారు. గెలిచామనుకున్న ఇంగ్లీషువాళ్లు వర్తకుల మూటల మీద పడ్డారు. అదే కొంప ముంచింది. జెడ్‌బరో పట్టణం నుంచి కొత్త దండు కొండెక్కి వచ్చింది. అందులో రూథర్‌ఫర్డులున్నారు. వాళ్లలో హంట్‌హిల్ ముసలి రూథర్‌ఫర్డ్‌కు ఆ సీమంతా ఒక మారుపేరు. పుంజు! హంట్‌హిల్ పుంజు. కొడుకుల్ని వెంటేసుకుని వచ్చాడని జానపదులు పాడుకున్నారు. కోడిపోరుతో రాజ్యం పోగొట్టుకున్న పల్నాట ఈ మారుపేరు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఫార్‌స్టర్ బందీగా దొరికిపోయాడు.

ఆ పుంజు సంతానానికి తర్వాత మంచిరోజులు రాలేదు. 1603లో రెండు కిరీటాలూ ఒకే రాజు తలకెక్కాయి. సరిహద్దే లేకుండా పోయాక సరిహద్దు దొంగకు చోటేదీ? ఉరికొయ్యలు లేచాయి. మిగిలినవాళ్లలో కొందరు ఐర్లండు ఉత్తరానికి కదిలారు, అక్కణ్నుంచి అమెరికాకు. ఇప్పటికీ ఆ పేరు దట్టంగా కనిపించేది రాక్స్‌బరోషైర్‌లో, నార్తంబర్లాండ్‌లో, డరమ్‌లో. పాతరేవుకు కొన్ని రోజుల నడక దూరంలో. రాజు చట్టానికి లోబడాలని 1644లో పుస్తకం రాసిన మతగురువు శామ్యూల్ రూథర్‌ఫర్డ్ ఆ సీమవాడే. ఆ పుస్తకాన్ని తర్వాత తలారితో కాల్పించారు. 1772లో నైట్రోజన్‌ను వేరుచేసిన డేనియల్ రూథర్‌ఫర్డ్ మరొకడు. 1840ల్లో పర్త్ నుంచి ఒక చక్రాల వడ్రంగి కుటుంబంతో ఓడెక్కి న్యూజిలాండ్‌లో దిగాడు. ఆయన మనవడే పరమాణువును చీల్చి చూసిన ఎర్నెస్ట్.

పేరు ఒక్కటే. మరి నెత్తురు?

*

ఇంగ్లండు. 1990ల చివరి కాలం. గ్లాక్సో వెల్‌కమ్ అనే పెద్ద మందుల కంపెనీ. ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్ర ప్రొఫెసర్ బ్రయన్ సైక్స్ ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చాడు. కంపెనీ ఛైర్మన్ పేరు సర్ రిచర్డ్ సైక్స్.

ఇద్దరూ ఎదురుపడ్డారు. మీరిద్దరూ చుట్టాలా? అందరి నోటా అదే మాట.

తెలీదు. అప్పటివరకు ఎవరూ చూడలేదు. ప్రొఫెసరు దగ్గర చిన్న కుంచె ఉంది. ఛైర్మన్ బుగ్గ లోపల రుద్దాడు. నాలుగు కణాలు అంటుకున్నాయి. అవి ల్యాబుకు వెళ్లాయి.

వెతికింది వై క్రోమోజోమ్‌ను. అది ఆడపిల్లకు రాదు. తండ్రినుంచి కొడుక్కి, కొడుకునుంచి మనవడికి, ఇంటిపేరు నడిచే దారిలోనే నడుస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు చిన్న తేడా పడుతుంది, ఆ తేడాలే గుర్తులు. ఇద్దరు సైక్స్‌ల గుర్తుల్నీ పక్కపక్కన పెట్టారు.

సరిపోయాయి.

ప్రొఫెసరుకు నిద్ర పట్టలేదనుకోవాలి. ఎందుకంటే ‘సైక్’ అంటే యార్క్‌షైర్ మాటలో హద్దు కాలవ. పొలానికో కాలవ ఉంటుంది, కాలవకో కుటుంబం ఉంటుంది. ఆ పేరు ఒక్కచోట పుట్టిందంటే పాతకాగితాలు తిరగేసేవాళ్లెవరూ ఒప్పుకోరు. యార్క్‌షైర్, లాంకషైర్, చెషైర్ జిల్లాల్లో 250 మంది సైక్స్‌లకు ఉత్తరాలు వెళ్లాయి. 48 మంది ఫలితాలు చేతికొచ్చాయి. అందులో 21 మందిది ఒకే గుర్తుల వరస. అటువంటి వరస చుట్టుపక్కల వేరే పేర్లవాళ్లలో కనపడలేదు. కాలవలు ఎన్నో, మూలపురుషుడు మాత్రం ఒక్కడే అయ్యుండాలన్నారు. 2000లో పత్రం అచ్చయింది.

మరి మిగతా సగం?

ఇక్కడే గదిలో గాలి బిగుసుకుంటుంది. పెంపుడు కొడుకులు, పెళ్లి కాని తల్లి పేరు పెట్టుకున్నవాళ్లు, ఇంటాయనకు తెలియని తండ్రులు. తరానికి నూటికి 1.3 చొప్పున ఇలా దారి తప్పుతుందని లెక్క తేలింది. ఒక్క తరంలో అది ఏమీ కాదు. ఏడొందల ఏళ్లు పోగుపడితే ఇంట్లో పెద్ద వాటానే మార్చేస్తుంది.

తర్వాత పని లెస్టర్ విశ్వవిద్యాలయానికి చేరింది. టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 2009లో 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్లను పరీక్షించి చూపారు. అరుదైన పేరైతే నెత్తురు కలిసే అవకాశం ఎక్కువ. అటెన్‌బరో లాంటి ఒకే ఊరి పేరున్నవాళ్లు చాలామంది ఒకే కొమ్మకు వేలాడుతున్నారు. స్మిత్‌లు మాత్రం దారినపోయే దానయ్యలతో సమానం. ఏ ఇద్దరికీ పొంతన లేదు. ఊరికో కమ్మరి మరి!

వాళ్ల ల్యాబులోనే 2007లో ఒక ఫలితం కంప్యూటరు తెర మీద మెరిసి కళ్లు నులుముకునేలా చేసింది. యార్క్‌షైర్‌లో అరుదైన ఒక ఇంటిపేరు. తెల్లగా పాలిపోయిన ఇంగ్లీషు మనుషులు. 18 మందిని చూస్తే ఏడుగురిలో పశ్చిమ ఆఫ్రికాలో తప్ప ఎక్కడా పెద్దగా దొరకని వై క్రోమోజోమ్! ఎప్పుడో వందల ఏళ్ల కింద ఓడ దిగిన ఒక ఆఫ్రికా మనిషి ఆ ఇంటిపేరు లోపల ఎవరి కంటా పడకుండా బతికే ఉన్నాడు.

*

గొడ్లరేవు పేరుకు ల్యాబు అక్కర్లేని కథ ఒకటుంది. అది మద్రాసు దాకా వచ్చింది.

1883 మార్చి. డెర్బీషైర్‌లో మాట్లాక్. కొండ పక్కన అద్దె గది. విలియమ్ రూథర్‌ఫర్డ్ బెన్ అనే యువకుడు పిచ్చాసుపత్రి నుంచి అప్పుడే బయటికొచ్చాడు. విశ్రాంతి కోసం తండ్రి జూలియస్ బెన్ అక్కడికి తీసుకొచ్చాడు. ఆయన చర్చి గురువు. తెల్లారేసరికి గదిలోంచి చప్పుడు లేదు. తలుపు తీశారు. మంచం కింద ఉండాల్సిన మట్టి పాత్రతో కొడుకు తండ్రి తల పగలగొట్టాడు.

బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో ఏడేళ్లు. వదిలాక అతను ఇంటిపేరే కత్తిరించేసుకున్నాడు. బెన్ పోయింది. మధ్యలో అలంకారంగా ఉన్న రూథర్‌ఫర్డ్ చివరికొచ్చింది. భార్యను, చంటిబిడ్డను తీసుకుని ఎవరూ ఎరగని ఊరని మద్రాసుకు ఓడెక్కాడు. పేరు మారింది, విధి మారలేదు. గర్భంతో ఉన్న భార్య చెట్టుకు ఉరేసుకుంది. మూడేళ్ల పాపను తిరిగి ఇంగ్లండుకు పంపేశారు. ఆ పాప పెరిగి తెరమీద మిస్ మార్పుల్ అనే డిటెక్టివ్‌గా దేశాల్ని నవ్వించింది. 1963 నాటి సినిమాకు ఆస్కార్ అందుకుంది. మార్గరెట్ రూథర్‌ఫర్డ్. తండ్రి నెత్తురు ప్రకారం ఆమె బెన్.

మన దగ్గర ఇది కొత్తేం కాదు. దత్తత పోయినవాడి ఇంటిపేరు తెల్లారేసరికి మారుతుంది. వాడి వై క్రోమోజోమ్ పుట్టింటిదే. ఇంటిపేరు ఒకటైతే పిల్లనివ్వరు, అన్నాచెల్లెళ్ల వరసంటారు. అదే ఇంటిపేరు నాలుగిళ్ల అవతల వేరే కులంలోనూ ఉంటుంది. అక్కడ వరస సంగతే రాదు.

తెలుగునాట నెత్తురును కాసింది ఇంటిపేరు కాదు, పెళ్లిచూపులు. హైదరాబాద్‌ సీసీఎంబీలో లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికా నుంచి డేవిడ్ రైక్ కలిసి 2009లో దేశంలోని 25 సమూహాల్ని చూశారు. చాలా సమూహాలు గుప్పెడు పూర్వీకులతో మొదలై, లోపల్లోపలే పెళ్లాడుతూ పెరిగాయి. తెలుగు వైశ్యుల్లో ఆ పెళ్లిగీత మరీ గట్టిది. అది ఆపరేషన్ బల్ల మీద బయటపడుతుంది. కండరాలు సడలించే ఒక మత్తు సహాయక మందు అయిదారు నిమిషాల్లో దిగిపోవాలి. వాళ్లలో కొందరికి గంటలు గడిచినా దిగదు. ఊపిరి తీసుకోలేరు, యంత్రం పెట్టాలి. మందును విరిచే ఎంజైము లేకపోవడానికి కారణమైన జన్యు మార్పు వాళ్లలో చాలా ఎక్కువ. అందుకే బల్ల ఎక్కించేముందు మత్తుడాక్టరు కులం అడిగితే కోపం తెచ్చుకోకూడదు. ఇంటిపేరు చెబితే ఆయనకు ఒరిగేదేం లేదు.

*

మన పుల్లరి దొర సంగతి. అల్లూరిని చంపించిన రికార్డుతో పైకెక్కాడు. సర్ అయ్యాడు, బీహారు గవర్నరయ్యాడు. 1943 సెప్టెంబరులో కలకత్తా గవర్నరు భవనంలో తాత్కాలికంగా కుర్చీ వేసుకున్నాడు. కిందనే వీధుల్లో బెంగాలు కరువు శవాలు. 1944 జనవరిలో కుర్చీ దిగాడు.

వెనక బెంచీ ప్రశ్న ఇంకా మిగిలుంది. ఒకే రేవునుంచి వచ్చిన పేరు కాబట్టి ఇద్దరు రూథర్‌ఫర్డులు చుట్టాలయ్యే అవకాశం స్మిత్‌ల కన్నా ఎక్కువ. కానీ పాతకాలంలో ప్రభువు పేరును పాలేర్లూ, కౌలుదార్లూ తగిలించుకున్నారు. అందుకని కుంచె తప్పదు. ఎర్నెస్ట్ వైపు కుంచె పట్టుకెళ్తే అసలు చిక్కు వస్తుంది. ఆయనకు కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు, ఐలీన్. 1930లో తండ్రి కళ్లముందే పోయింది. 1937లో ఆయన పోగానే ఎత్తుకునే కొడుకు లేక బారన్ బిరుదు కూడా రద్దయింది. న్యూజిలాండ్ వెళ్లి, ఆయన అన్నదమ్ముల కొడుకుల వైపు మనవళ్లలో ఎవరినో ఒకరిని నోరు తెరవమనాలి.